జ్వరం ఏ శాఖది?

2003లో సూర్యాపేట మున్సిపాలిటీ వీధుల్లోని చెత్తకుండీలు తీసేసింది. కుండీ నిండి పొర్లుతోందని ఫిర్యాదు వస్తే పక్కన ఇంకోటి పెట్టడం అప్పట్లో ప్రతి పట్టణంలోనూ జరిగే పని. అప్పటి మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ అసలు కుండీయే లేని ఊరు చేద్దామన్నారు. కుండీ ఉన్నచోట పందులు, కుక్కలు, ఈగలు చేరతాయి. కుండీ లేదంటే చెత్త ఇంటి గుమ్మం దగ్గరే బండెక్కాలి. అలా జరగాలంటే బండి రోజూ రావాలి, చెప్పిన వేళకు రావాలి. ఒక్క రెండు రోజులు రాకపోతే చాలు, సందు మొగదల మళ్లీ చెత్తకుప్ప లేస్తుంది.

బండ్లు ఎక్కడివి? మహిళా పొదుపు సంఘాలు బ్యాంకు రుణంతో ట్రాక్టర్లు కొన్నాయి, మున్సిపాలిటీ వాటిని కిరాయికి తీసుకుంది. తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరయ్యాయి. తడిది వానపాముల ఎరువైంది. కాగితం, ప్లాస్టిక్ అమ్ముడుపోయాయి. సుమారు లక్ష జనాభా ఉన్న ఊళ్లో ఇదంతా ప్రత్యేక నిధి లేకుండా, విదేశీ సాయం లేకుండా, ఉన్న సిబ్బందితోనే నడిచింది. చెత్త సమస్య మీద 1996లో సుప్రీంకోర్టుకెక్కి, 2000 నాటి ఘన వ్యర్థాల నియమాలు రావడానికి కారణమైన అల్మిత్రా పటేల్ సూర్యాపేటను దేశానికి ఆదర్శంగా చూపించారు. ఎక్కడెక్కడి మున్సిపాలిటీల వాళ్లో బస్సుల్లో వచ్చి ఈ ఊరి వీధులు చూసిపోయారు.

ఈ కథలో డాక్టర్ లేరు, ఆసుపత్రి లేదు, మందు బిళ్ల కూడా లేదు. అయినా సూర్యాపేటలో జరిగిన ప్రజారోగ్య పనుల్లో ఇది పెద్దది. చెత్త కదలని వీధిలో ఈగ ఉంటుంది, ఈగ ఉన్నచోట పిల్లల విరేచనాలుంటాయి. పగిలిన కొబ్బరిచిప్పలోనూ పాత టైరులోనూ నిలిచిన వాన నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వీటిని ఊడ్చేసే మనిషి ఆ వీధిలో ఎన్ని సెలైన్ సీసాల అవసరం తప్పిస్తారో ఏ రిజిస్టర్‌లోనూ నమోదు కాదు. రాని రోగాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ప్రజారోగ్యంలో పనిచేసేవాళ్లకు దక్కాల్సిన గుర్తింపు దక్కకపోవడానికి మొదటి కారణం ఇదే.

ప్రజారోగ్య సిబ్బంది ఎవరని అడిగితే చాలామంది ఆశక్కను, టీకాలేసే నర్సమ్మను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరును చెప్తారు. అది సగం జాబితా. మున్సిపాలిటీ శానిటరీ జవాను, ఓవర్‌హెడ్ ట్యాంకులో క్లోరిన్ కలిపే మనిషి, ఆహార పదార్థాల నమూనాలు తీసే ఇన్‌స్పెక్టర్, అంగన్‌వాడీ టీచర్, ల్యాబ్ టెక్నీషియన్, 108 బండిలో ఉండే సహాయకుడు, పంచాయతీ కార్యదర్శి, వీళ్లందరూ ఆ సిబ్బందే. వీళ్ల జీతాలు వేర్వేరు శాఖల నుంచి వస్తాయి. వీళ్లు భయపడే అధికారులూ వేరు. రోగం మాత్రం అందరిదీ ఒకటే.

ఆరోగ్య శాఖలోకే వెళ్లి చూసినా గోడలు కనబడతాయి. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ప్రజారోగ్య సంచాలకుల కింద ఉంటుంది. మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రి, కోదాడ ఆసుపత్రి ఏళ్ల తరబడి వైద్య విధాన పరిషత్ కింద నడిచాయి. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాక అక్కడి పెద్దాసుపత్రి వైద్య విద్యా సంచాలకుల చేతికి వెళ్లింది. అంటే ఒక పల్లెలో జ్వరం మొదలై, కోదాడలో పరీక్షకు పోయి, సూర్యాపేటలో చేరితే ఆ ఒక్క జ్వరం మూడు వ్యవస్థలను దాటుతుంది. దోమ పుట్టిన గుంట పంచాయతీదో మున్సిపాలిటీదో అయి ఉంటుంది. ఈ గోడల మధ్య ఫోన్ చేసి మాట్లాడే మనిషి ఒకరు ఉంటే జ్వరం ఒక వీధిలో ఆగుతుంది. లేకపోతే వారం తర్వాత సమీక్షా సమావేశంలో తేలుతుంది. ప్రజారోగ్యంలో నాయకత్వం అనేదానికి అసలు చోటు శాఖల మధ్యనున్న ఈ ఖాళీలోనే ఉంది.

అలా మాట్లాడాలంటే ముందు విషయం తెలియాలి. దానికి ఒక పద్ధతి ఎప్పుడో ఏర్పడింది. 2004లో మొదలైన సమీకృత వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమంలో మూడు ఫారాలుండేవి. లక్షణాలను బట్టి ఏఎన్ఎం, అంటే ఊళ్లో తిరిగే నర్సమ్మ, నింపేది ఎస్ ఫారం, డాక్టరు అనుమానాన్ని బట్టి నింపేది పి, పరీక్షలో తేలినదాన్ని ల్యాబ్ నింపేది ఎల్. ఇప్పుడవి ఆన్‌లైన్‌కు మారాయి. ఒక సబ్‌సెంటర్ పరిధిలో పోయిన వారం రెండు విరేచనాల కేసులుండి ఈ వారం పదకొండు వచ్చాయనుకుందాం. ఆ తేడాను చూసి, వెంటనే తాగునీటి పైపు ఎక్కడ పగిలిందో అడిగేవాళ్లు ఆ పీహెచ్‌సీకి నిజమైన నాయకులు. ఫారం నింపి పైకి పంపడంతో పని అయిపోయిందనుకుంటే అది గుమాస్తా పని అవుతుంది. పంపిన అంకెకు పై నుంచి ఎన్నడూ జవాబు రాకపోతే కింద నింపే చెయ్యి కూడా నెమ్మదిగా మొక్కుబడికి నింపడం నేర్చుకుంటుంది. తప్పు ఆ చేతిది కాదు.

పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ సంగతి ఆలోచించండి. దేశంలో మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, 5,000 మందికి ఒక సబ్‌సెంటర్, వెయ్యి మందికి ఒక ఆశ అన్నది లెక్క. ఎంబీబీఎస్ ముగించుకుని పాతికేళ్లు దాటీ దాటకుండా వచ్చిన కుర్ర డాక్టరు మొదటి రోజే వీళ్లందరికీ పెద్ద. కాలేజీలో గుండె చప్పుడు వినడం నేర్పారు. పాతికేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న సూపర్‌వైజరుతో, తన తల్లి వయసున్న నర్సమ్మతో ఎలా మాట్లాడి పని చేయించాలో ఎవరూ నేర్పలేదు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. బుధవారం, శనివారం టీకాల రోజులు. రాత్రి కరెంటు పోయి ఐస్‌లైన్డ్ ఫ్రిజ్ వేడెక్కితే పొద్దున్నే సీసా మీది గుర్తు చూడాలి, లోపలి చదరం నల్లబడి చుట్టూ ఉన్న వలయంతో కలిసిపోతే ఆ సీసా పనికిరాదు. ఆ మాట పైకి చెప్పినందుకు తిట్లు పడతాయన్న భయం ఉన్న కేంద్రంలో ఎవరూ చెప్పరు, పాడైన టీకానే వేస్తారు. నిజం చెప్పిన మనిషికి రక్షణ ఇవ్వడం పెద్దగా ఉన్నవాళ్ల బాధ్యతల్లో ముందువరసలో ఉండాల్సింది.

*

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట మరో రకంగా దేశమంతా తెలిసింది. ఆ నెల 21న తెలంగాణలో నమోదైన 56 కోవిడ్ కేసుల్లో 26 సూర్యాపేటవే. జిల్లాలో అప్పటికి దాదాపు 80 కేసులు. వ్యాప్తికి కేంద్రం పట్టణంలోని కూరగాయల మార్కెట్ ప్రాంతం. మర్నాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేశ్ కుమార్, డీజీపీ మహేందర్ రెడ్డి, వైద్యారోగ్య శాఖ ఉన్నతాధికారి శాంతికుమారి హెలికాప్టర్‌లో సూర్యాపేటకు వచ్చి సమీక్ష జరిపారు. జిల్లాకు ప్రత్యేకాధికారిని వేశారు. జిల్లా వైద్యాధికారిని మార్చారు. వీధులు కట్టడిలోకి వెళ్లాయి, సరుకులు ఇళ్లకే చేరాయి. మే నెల మొదటికల్లా కొత్త కేసులు దాదాపు ఆగిపోయాయి.

ఇందులో మెచ్చుకోవలసింది ఉంది. రాష్ట్రంలో అందరికంటే పైనున్న అధికారులు ఒక చిన్న జిల్లా కేంద్రానికి వచ్చి మార్కెట్ వీధి గురించి అడిగారు. అన్ని శాఖలూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి. కానీ ఆ బల్ల వేయడానికి హెలికాప్టర్ రావలసి వచ్చింది. మార్కెట్ ఎక్కడ ఇరుకో మున్సిపాలిటీకి ముందే తెలుసు. ఎవరు ఏ ఊరి నుంచి సరుకు తెస్తారో వ్యాపారులకు తెలుసు. ఎవరింట్లో దగ్గు ఉందో ఆశక్కకు తెలుసు. ఈ ముగ్గురి తెలివినీ ఒకచోట చేర్చి, ఎవరి ఆదేశం కోసమూ చూడకుండా, మార్కెట్‌ను మైదానానికి మార్చే అధికారం జిల్లాలోనే ఉన్న ఒక ప్రజారోగ్య అధికారికి ఉండాలి. మహమ్మారి నడిమధ్యలో మనిషిని మార్చడం తేలిక. కొత్తగా వచ్చినవారు వీధుల పేర్లు నేర్చుకునేలోపు రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లో భారం మోసింది పాత ఏఎన్ఎంలు, ఆశలు, సఫాయి కార్మికులే.

ఆ రోజుల్లోనే ఇంకో వార్త ఊరు దాటి దేశమంతా తిరిగింది. సూర్యాపేటలో ఒక మహిళ ఇరుగుపొరుగుతో అష్టాచెమ్మా ఆడటం వల్ల 31 మందికి వైరస్ సోకిందని పత్రికలు, టీవీలు చెప్పాయి. ఇంట్లో ఉండమన్నప్పుడు ఎదురింటి అరుగు మీద గవ్వలు వేసుకోవడం మన ఊళ్లలో ఎవరైనా చేసే పనే. ఆ ఆట ఒక నేరంలా మారింది. దాని ఫలితం తర్వాత ప్రతి ఊళ్లో కనిపించింది. జ్వరం వచ్చినా చెప్పకపోవడం, పరీక్షకు రాకపోవడం, ఆశక్క వస్తే తలుపు వేసుకోవడం. రోగి పేరు బయటపడితే బతుకు బజారున పడుతుందని జనానికి అనిపించిన క్షణం నుంచి రోగం చీకట్లోకి పోతుంది. సోకినవారి గురించి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు, ఎవరు చెప్పాలి అన్నది ప్రజారోగ్య నాయకులకు మందుల నిల్వంత ముఖ్యమైన విషయం. 2018 మే నెలలో కేరళలోని కోళిక్కోడ్‌లో నిపా వైరస్ వచ్చినప్పుడు ఒకే కుటుంబంలో వరుస మరణాలను చూసి అనుమానించిన ఆసుపత్రి డాక్టర్లు, వెంటనే పరీక్షించిన మణిపాల్ ల్యాబ్, రోజూ ఒకే గొంతుతో మాట్లాడిన ఆరోగ్య శాఖ, ఈ మూడూ కలిసి పనిచేశాయి. 17 మంది చనిపోయిన ఆ వ్యాధి అంతకుమించి పాకలేదు.

కోదాడది ఇంకో పాఠం. విజయవాడ జాతీయ రహదారి మీద తెలంగాణ చివరి పెద్ద ఊరు ఇదే. రామాపురం క్రాస్ రోడ్ దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని గరికపాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే హైదరాబాద్ హాస్టళ్ల నుంచి బయల్దేరిన విద్యార్థులు, ఉద్యోగులు తెలంగాణ పోలీసులిచ్చిన పాసులతో ఇక్కడిదాకా వచ్చి, అవతల రానివ్వక, రాత్రుళ్లు రోడ్డు మీదే ఉండిపోయారు. ఏడాది తర్వాత దృశ్యం తిరగబడింది. 2021 మేలో, కోవిడ్ రెండో అల నడుస్తుండగా, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌కు రోగులను తెస్తున్న అంబులెన్సులను రామాపురం దగ్గర ఆపారు. ముందుగా ఆసుపత్రిలో పడక ఖాయమై, అనుమతి ఉంటేనే పంపుతామన్నారు. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు తగ్గుతున్న బండిలో కూర్చున్న కుటుంబానికి ఆ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలియదు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

చెక్‌పోస్టులో నిలబడ్డ కానిస్టేబుల్‌దీ, థర్మామీటరు పట్టుకున్న ఆరోగ్య కార్యకర్తదీ తప్పనలేం. వాళ్లకిచ్చిన ఆదేశం అది. హైదరాబాద్ ఆసుపత్రుల్లో పడకలు నిండిపోతున్నాయన్న ఆందోళనా నిజమే. కానీ ఈ రోడ్డు మీద ఒకవైపు కోదాడ, మరోవైపు జగ్గయ్యపేట ఉన్నాయి. రెండు ఊళ్ల మధ్య పెళ్లిసంబంధాలున్నాయి, వ్యాపారాలున్నాయి. రెండు జిల్లాల వైద్యాధికారులు ముందే కూర్చుని, ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో పంచుకునే ఏర్పాటు చేసుకుని ఉంటే పడక ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఫోన్‌లో దొరికేది, కోర్టు దాకా పోయేది కాదు. సరిహద్దులో రోగాన్ని చూసుకోవడం ఎవరి ఉద్యోగంలోనూ రాసి లేదు. రాసి లేని పనిని తన పనిగా తీసుకునేవాళ్లు కావాలి, తీసుకున్నవాళ్ల వెనక పైవాళ్లు నిలబడాలి.

మిర్యాలగూడలో ఇంత హడావుడి వార్తలు లేవు. అక్కడి కష్టం నెమ్మదిగా, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మెట్ట భూములు వరి మడులయ్యాయి. వరితో మిల్లులొచ్చాయి. మిల్లులతో బిహార్ హమాలీలొచ్చారు. బస్తాలు మోసే ఈ మనుషులు మిల్లు ఆవరణలోనే ఉంటారు, సీజన్ అయ్యాక వెళ్లిపోతారు, మళ్లీ వస్తారు. ఆశ రిజిస్టర్ ఇళ్ల లెక్కన తయారవుతుంది, వీళ్లకు ఇల్లే లేదు. ఊక దుమ్ములో పనిచేసే మనిషికి దగ్గు రావడం మామూలే అనుకుంటారు. క్షయ కూడా దగ్గుతోనే మొదలవుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయాలన్నది నియమం. క్షయ అని తేలితే కనీసం ఆరు నెలలు మందు పడాలి. మూడో నెలలో హమాలీ ఊరెళ్లిపోతే? నిక్షయ్ అనే కేంద్ర ప్రభుత్వ నమోదు వ్యవస్థలో ప్రతి రోగికీ ఒక సంఖ్య ఉంటుంది, దాంతో చికిత్సను మరో రాష్ట్రానికి మార్చవచ్చు. మార్చడానికి ఇక్కడ ఒకరు ఆ మనిషిని ఎప్పుడు పోతావని అడగాలి, అక్కడి వాళ్లకు చెప్పాలి. మిల్లు లోపలి దుమ్ము ఫ్యాక్టరీల శాఖ చూడాలి, కూలీల సంగతి కార్మిక శాఖ చూడాలి, క్షయ ఆరోగ్య శాఖది. ఆ హమాలీ ఊపిరితిత్తులు ఒకటే.

నీళ్ల సంగతి కూడా ఇంతే. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ సూర్యాపేట పక్క నుంచి పారి దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు అందేదాకా సూర్యాపేట చాలా ఏళ్లు మూసీ జలాశయం నీళ్లే తాగింది. ఉమ్మడి నల్లగొండ జిల్లా పేరు ఫ్లోరోసిస్‌తో ప్రపంచానికి తెలుసు. వంకర్లు పోయిన ఎముకలను ఏ ఆసుపత్రీ సరిచేయలేదు. 1970ల్లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. చవకైనదే, ఎవరైనా చేయగలిగినదే. అయినా ప్రతి ఊళ్లో రోజూ ఆ నీళ్లు కలిపి, తేర్చి, పంచే బాధ్యత ఎవరిదో తేలకపోతే ఎంత మంచి పద్ధతైనా పుస్తకంలోనే ఉంటుంది. ఆ తర్వాతి తరాలు కూడా వంగిన నడుములతోనే బతికాయి.

ఇంత చెప్పాక శిక్షణ గురించి మాట్లాడక తప్పదు. మద్రాసు ప్రభుత్వం 1922లోనే ప్రజారోగ్యానికి వేరే డైరెక్టరేట్ పెట్టింది, 1939లో ప్రజారోగ్య చట్టం చేసింది. ఆ దారిలోనే నేటి తమిళనాడులో జిల్లా ఆరోగ్యాధికారులు కావాలంటే ప్రజారోగ్యంలో ప్రత్యేకంగా చదవాలి, కింది నుంచి ఆ పనిలోనే ఎదగాలి. ఆపరేషన్లు చేసే డాక్టర్ల వరస వేరు, ఊరి ఆరోగ్యం చూసే వాళ్ల వరస వేరు. పరిశోధకురాలు మోనికా దాస్ గుప్తా, ఆమెతో పనిచేసినవాళ్లు ఈ ఏర్పాటును వివరంగా రాసి, మిగతా రాష్ట్రాలు ఎందుకు వెనకబడ్డాయో చూపించారు. మిగతాచోట్ల మంచి సర్జన్‌గా పేరు తెచ్చుకున్నవారు సీనియారిటీ మీద ఒక పొద్దున జిల్లా మొత్తానికి ఆరోగ్యాధికారి అవుతారు. ఆయనకు కత్తి పట్టడం వచ్చు. క్లోరిన్ ఎంత కలపాలి, రెండు శాఖలను ఎలా ఒప్పించాలి, బడ్జెట్ ఎలా వేయాలి అన్నవి అప్పుడు మొదలుపెట్టి నేర్చుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. స్పెషలిస్టులు, ప్రజారోగ్యం, ఆరోగ్య నిర్వహణ, బోధన అని నాలుగు వేర్వేరు వరసలు పెట్టుకోమంది. అది అమలైతే సూర్యాపేట లాంటి జిల్లాకు దక్కే మేలు ఒక కొత్త భవనం కంటే ఎక్కువ.

శిక్షణతోపాటు అధికారమూ ఇవ్వాలి. తెలంగాణలో దానికి మంచి ఉదాహరణే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లని తేలింది, దేశంలోనే అది అత్యధికం. అంతకుముందే, 2017లో, ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు మిడ్‌వైఫరీలో పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. వాళ్లకు నేర్పింది ఓపికగా సహజ కాన్పు చేయడం. దానికి తోడు, ప్రమాదం లేని కాన్పులో నిర్ణయం వాళ్లే తీసుకోవచ్చన్న భరోసా ఇచ్చారు. నర్సు చెప్తే డాక్టరు వింటారన్న వాతావరణం ప్రసూతి గదిలో రావాలంటే ముందు ఆ నర్సు మాటకు ఉత్తర్వులో చోటుండాలి.

ఆశల విషయంలో ఆ చోటు ఇంకా దొరకలేదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. ప్రపంచం నాయకులని పిలిచిన వీళ్లను మన రికార్డులు ఇప్పటికీ వలంటీర్లనే అంటాయి, వాళ్లకిచ్చేదాన్ని జీతమనకుండా పారితోషికం అంటాయి. 2015లో తెలంగాణ ఆశలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. జిల్లా స్థాయి ఆరోగ్య సమావేశాల్లో ఒక ఆశ లేచి మా ఊళ్లో ఈ పద్ధతి కుదరదని చెప్పి, ఆ మాటతో ప్రణాళిక మారిన సందర్భాలు ఎన్ని ఉంటాయి? చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కూడా ఉండవు.

సూర్యాపేట, నల్లగొండ వైద్య కళాశాలలు రెండూ 2019లో 150 సీట్ల చొప్పున మొదలయ్యాయి. జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నియమం ప్రకారం ఎంబీబీఎస్ విద్యార్థులు మొదటి ఏడాది నుంచే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు ముగిసేదాకా వాళ్ల ఆరోగ్యం చూడాలి. ఇది బీపీ కొలిచి ఫొటో తీసుకునే తతంగంగా మిగలొచ్చు. మిగలకుండా చేయడం కళాశాలలోని సామాజిక వైద్య విభాగం చేతిలో ఉంది. ఆ విద్యార్థులను ఒకరోజు మిర్యాలగూడ మిల్లుకు, ఒకరోజు రామాపురం చెక్‌పోస్టుకు, ఒక తెల్లవారుజామున సూర్యాపేట వీధిలో ట్రాక్టరు వెనక నడిచే సఫాయి కార్మికురాలి దగ్గరకు పంపాలి. నివేదికను వాళ్లు ప్రొఫెసరుకు ఒక్కరికే ఇవ్వకుండా మున్సిపల్ కమిషనరుకూ, కార్మిక శాఖ అధికారికీ కూడా చదివి వినిపించాలి. ఇందుకు కొత్త జీవో అవసరం లేదు. కళాశాల ప్రిన్సిపాల్, జిల్లా వైద్యాధికారి, కమిషనర్ ముగ్గురూ నెలకొకసారి ఒకచోట కూర్చుంటే సరిపోతుంది. వచ్చే వర్షాకాలానికి ముందే ఆ మొదటి సమావేశం జరగాలి.